తాళం వేసిన ఆదివారం

మా మరదల్ని ఆ వీధిలో అందరూ మైకమ్మ అంటారు. ఎప్పుడూ ఏదో మైకంలో ఉంటుందని కాదు, మైకు అక్కర్లేని గొంతని. వీధి ఈ చివర నిలబడి “ఇటు రండి” అందంటే ఆ చివర బస్సెక్కి కూర్చున్నవాళ్ళు కూడా దిగి వచ్చేస్తారు. అలా దిగి వచ్చిన ఒకాయన ఆమె వెంట వీధంతా తిరిగి, పాటల చరిత్ర మొత్తం విని, చప్పట్లు కూడా కొట్టి, ఆఖర్న “ఇంతకీ నన్నెందుకు పిలిచారండీ?” అని అడిగాడు. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం. నేను చెప్పేవాటిలో ఇది చాలా చిన్నది.

ఆమె మా ఆవిడకు చెల్లెలు. ప్రతి ఆదివారం పొద్దున్నే ఒక గుంపును వెంటేసుకుని ఆ పాత వీధిలో సంగీతం నడక నడిపిస్తుంది. గుంపులో సగంమంది ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు. మిగతా సగం ఇదే ఊళ్ళో పుట్టి పెరిగి, ఆ వీధిలోకి ఏనాడూ తొంగి చూడనివాళ్ళు. మొదట తీగల కొట్టు ముందు అందరినీ ఆపి కళ్ళు మూసుకోమంటుంది. కొట్టాయన లోపల ఒక తీగను బిగించి మీటుతాడు. అది ఏ వాయిద్యం తీగో చెప్పమంటుంది. ఒక్కరూ చెప్పలేరు. ఎందుకంటే చాలాసార్లు ఆయన మీటేది తన సైకిలు చక్రం పుల్లని.

తర్వాత టైలరు కొట్టు. ఊళ్ళోని బ్యాండు మేళాల వాళ్ళందరికీ బంగారు గుండీల కోట్లు కుట్టింది ఆయన, ఆయన తండ్రి. ట్రంపెట్ ఊదేవాడికి ఛాతీ దగ్గర జానెడు గుడ్డ ఎక్కువ వదలాలట. లేకపోతే మంచి పాట మధ్యలో గుండీ తెగి ఎదుటివాడి కంట్లో పడుతుందట. ఆ ఎదురుగా మేడ. ఆ మేడ వసారాలో ఒకప్పుడు ఒక గాయని సాధన చేసేదని మైకమ్మ చెబుతుంది. ఆవిడ పై స్థాయి అందుకుంటే టైలరు కొట్లో నిలువుటద్దం బీటలు వారిందని నేను చెబుతాను.

“బావా, నీ కోతలు నా నడకలో కలపకు” అంటుంది మా మరదలు. కానీ జనానికి ఆ అద్దం కథే నచ్చుతుంది. అందుకని, “ఇది మా బావగారు చెప్పేది, నిజం మాత్రం కాదు” అని ముందే చెప్పి, తర్వాత నాకంటే బాగా చెబుతుంది. టైలరు మిషను ఆపకుండానే, “అద్దం పగిలిన మాట నిజమేనండీ. మా ఆవిడ దువ్వెన విసిరింది” అంటాడు.

వీధి చివర ఉంటుంది రికార్డింగు హాలు. నడకంతా దానికోసమే. అక్కడే మా మరదలు పెళ్ళి కాకముందు నుంచి, జుట్టు నెరిసేదాకా ఉద్యోగం చేసింది. ఏం ఉద్యోగమో చెబితే మీరు నవ్వుతారు. వీధి నోరు మూయించడం.

ఆ హాలు కట్టిన మహానుభావుడు గోడలకు మెత్తటి గుడ్డ కొట్టించాడు గానీ వీధి చప్పుడు ఆపే దారి కనిపెట్టలేదు. లోపల పాట రికార్డయ్యేటప్పుడు బయట ఎర్ర బల్బు వెలిగేది. బల్బు వెలగ్గానే ఈ అమ్మాయి వీధిలోకి పరుగెత్తేది. “అన్నా, మిషను!” టైలరు కాలు ఆపేసేవాడు. “బాబాయ్, తీగ!” కొట్టాయన చేత్తో తీగను పట్టేసేవాడు. పండ్ల బండివాడు అరుపును సగంలో మింగేవాడు. మేడ మీద గిన్నెలు తోముతున్నావిడ గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయేది. ఒకసారి ఒక పెద్దమనిషికి తుమ్ము వస్తే పాట అయ్యేదాకా ఆపుకున్నాడని, బల్బు ఆరగానే తుమ్మితే తలపాగా వీధి దాటి పడిందని చెబుతారు. చెబుతారు అంటే, నేనే చెబుతాను.

మా తోడల్లుడు, అంటే మైకమ్మ భర్త, నీళ్ళ పంపింగు స్టేషన్లో పనిచేసి రిటైరయినవాడు. మాట పొదుపు. “వీధి వీధంతటికీ ఎర్ర బల్బు చూపించి నోరు మూయించింది. మా ఇంట్లో తన నోటికొకటి పెట్టించుకోమంటే వినదు” అన్నాడొకసారి. ఏడాది మొత్తం మీద ఆయన మాట్లాడింది అదే అనుకుంటాను.

తర్వాత కాలం మారింది. పాటలు చిన్న చిన్న గదుల్లో కంప్యూటర్ల ముందు తయారవుతున్నాయి. హాలుకు పని పోయింది, ఈమెకు ఉద్యోగం పోయింది. ఇంట్లో కూర్చుని మా ఆవిడతో ఫోనులో, “అక్కా, ఆ వీధి ఊపిరి బిగబట్టుకుంటే తయారైన పాటలే అవన్నీ. ఆ సంగతి ఎవరికీ తెలియదు కదే” అనేది. చెప్పేవాళ్ళు లేకపోతే తెలియదు కదా. అలా మొదలైంది నడక.

హాలు ఇప్పుడు మేమంతా పెద్దాయన అనే మనిషిది. ఆయన అక్కడ సౌండు ఇంజనీరుగా చేసినవాడు. యజమానులు అమ్ముకుంటుంటే తనే కొని, దాని పై గదిలో ఉంటున్నాడు. ఆయన తాళం గురించి ఆ రోజుల్లో గొప్పగా చెప్పుకునేవారు. అద్దాల గదిలో ఒక చెయ్యి మీటల మీద ఉంచి, రెండో చేత్తో బల్ల అంచు మీద తాళం వేస్తుంటే, పాడేవాళ్ళు వాయించేవాళ్ళు అందరూ అద్దంలోంచి ఆ చేతినే చూసేవారట. ఆయన తాళం ఒక్కసారి చూపించమని మా మరదలు ఎప్పటినుంచో బతిమాలుతోంది. ఆయన ఒప్పుకోడు. “పాట లేకుండా తాళమేంటి అమ్మాయ్, పిచ్చివాణ్ణనుకుంటారు” అంటాడు.

అయినా ఆదివారం ఆదివారం తలుపు తీసి గుంపును లోపలికి రానిచ్చేవాడు. జనం అడిగినవాటికి జవాబులిచ్చేవాడు. ఈ మధ్య ఆ జవాబులు మహా సరదాగా తయారయ్యాయి. “ఎన్నేళ్ళు పనిచేశారండీ?” అని ఒకావిడ అడిగితే, “నీళ్ళా? అదిగో ఆ మూల కుండలో” అన్నాడు. “మీకు ఇష్టమైన రాగం ఏది సార్?” అంటే, “రోగమా? మోకాళ్ళు” అన్నాడు. గుంపంతా పొట్ట పట్టుకుని నవ్వారు. మా మరదలూ నవ్వింది. పెద్దాయన ఎవరివంకా చూడకుండా అద్దం తుడుస్తూ ఉండిపోయాడు.

ఆ వారంలోనే హాలు వాచ్‌మన్ ఆమెకు ఫోను చేశాడు. ఆ సమయానికి నేనూ మా ఆవిడా వాళ్ళింట్లోనే ఉన్నాం. ఫోను స్పీకర్లో పెట్టింది.

“అమ్మా, ఈ ఆదివారం నుంచి పెద్దాయన తాళం వేస్తారంటమ్మా. మీకు చెప్పమన్నారు.”

మా మరదలు కుర్చీలోంచి లేచింది. “నిజంగానా? ఆయనే అన్నారా?”

“ఆయన నోటితోనే అన్నారమ్మా.”

“అబ్బ! ఎన్నాళ్ళ నుంచి అడుగుతున్నానో!”

“మీరే అడిగారామ్మా?”

“అడగడమా! కాళ్ళావేళ్ళా పడ్డాను. ఇన్నాళ్ళకి కనికరించారు. నా తరఫున దణ్ణం పెట్టానని చెప్పు.”

“...సరేనమ్మా. మీ ఇష్టం.”

“గొంతేంటి అలా ఉంది? జలుబు చేసిందా?”

“అవుననుకోండి” అని పెట్టేశాడు.

ఆ సంతోషంలో ఆమె తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసింది. “పెద్దాయన తాళం వేస్తున్నారు, తప్పకుండా రండి” అంది. మమ్మల్నీ రమ్మంది. రానన్న తోడల్లుణ్ణి కొత్త చొక్కా తొడిగి మరీ తీసుకొచ్చింది.

ఆదివారం జనం బాగా వచ్చారు. ఎన్నడూ లేనిది, వీధి మాత్రం ముభావంగా ఉంది. వాచ్‌మన్ తను విన్నది విన్నట్టు కొట్టు కొట్టుకీ చెప్పేశాడన్న సంగతి మాకు అప్పటికి తెలియదు.

తీగల కొట్టాయన తీగ మీటలేదు. “కానివ్వమ్మా. నీ మాటే నెగ్గింది” అన్నాడు.

“అంతా మీ అభిమానం బాబాయ్” అంది ఈవిడ, మొహం ఇంత చేసుకుని.

ఆయన నా వంక చూశాడు. నేను పళ్ళికిలించాను.

టైలరు కొట్టు దగ్గర ఇంకా బాగా జరిగింది. “ఇంతమందినీ ఎక్కడికి తోలుకెళ్తున్నావమ్మా?” అన్నాడాయన, నోట్లో దారం పట్టుకుని.

“పెద్దాయన తాళం వేస్తున్నారు కదన్నా, చూడటానికి!”

“తాళం వేస్తుంటే చూడటానికి ఇంతమందా?”

“ఎంతమందైనా తక్కువే. చప్పట్లు కొట్టకుండా ఉండగలమా?”

టైలరు దారం పుటుక్కున తెంపాడు. “నువ్వు ఇలాంటి మనిషివని కలలో కూడా అనుకోలేదమ్మా” అని, కొట్టు వదిలేసి గుంపు వెనకే బయల్దేరాడు. ఆయన వెనక తీగల కొట్టాయన, పండ్ల బండివాడు, మేడ మీదావిడ. అందరూ మాతో వస్తున్నారని మా మరదలు పొంగిపోయింది. “చూశావా అక్కా, వీధి వీధంతా కదిలింది” అంది. మా ఆవిడకు మాత్రం అనుమానం వచ్చింది. “ఏమండీ, వీళ్ళ మొహాలు చూస్తే కచేరీకి వచ్చినట్టు లేవు” అని నా చెవిలో ఊదింది.

హాలు ముందు చెక్క వసారా. నాలుగు మెట్లెక్కి మైకమ్మ గుంపు వైపు తిరిగి, చేతులు చాపి, “ఇప్పుడు మనం చూడబోయేది...” అంటూ తలుపు వైపు తిరిగింది.

తలుపుకు తాళం వేసి ఉంది. కొబ్బరికాయంత తాళం. కొత్తది.

పక్కనే స్టూలు మీద కూర్చున్న వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు.

“ఇదేంటయ్యా?” అంది.

“తాళమేనమ్మా. పొద్దున్నే వేశాం. మీరే కాళ్ళావేళ్ళా పడ్డానన్నారు కదా.”

“నేను వెయ్యమన్నది ఈ తాళం కాదయ్యా!” అని అరిచి, కుడి అరచేతిలో ఎడం చెయ్యి టపటపా కొట్టి చూపించింది. “ఈ తాళం! ఈ తాళం!”

వాచ్‌మన్ ఆ చేతుల్నీ, తలుపునూ మార్చి మార్చి చూశాడు. వెనక నుంచి టైలరు “ఓరి దేవుడా” అన్నాడు. తీగల కొట్టాయన తల పట్టుకున్నాడు. తెలుగు మాట్లాడే మనుషుల మధ్య తప్ప ఇంకెక్కడా ఇలాంటి ప్రమాదం జరగదని నాకు నవ్వొచ్చింది. మా మరదలి మొహం చూశాక ఆ నవ్వు లోపలే మింగేశాను.

ఆమె మెట్టు మీద కూలబడింది. “ఆయన నిజంగానే మూసేశారా? ఇక తియ్యరా?” అంది. మైకమ్మ గొంతు పక్కనున్న నాకు కూడా సరిగ్గా వినబడలేదు. హాలు లేకపోతే ఈ నడక లేదు. తీగలు, గుండీలు, మేడ, అన్నీ ఆ గదిలోకి చేరితేనే పాటవుతాయి. లేకపోతే ఎండలో జనాన్ని తిప్పడమే.

“తియ్యనన్నారమ్మా” అన్నాడు వాచ్‌మన్. “ఎందుకంటే చెప్పరు. నాచేత బయట తాళం వేయించి, లోపల ఒక్కరే కూర్చుని ఉన్నారు.”

గుంపులో వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. అప్పుడు మా తోడల్లుడు నోరు విప్పాడు.

“తాళం వేస్తారని అందరికీ మాటిచ్చావుగా” అన్నాడు భార్యతో. “వేసేద్దాం. దానికేముంది?”

అని, కొత్త చొక్కా చేతులు మడుచుకుని, వసారా చెక్కల మీద కాలితో తాళం మొదలుపెట్టాడు. ఏళ్ళ తరబడి పంపు మోటారు పక్కన నిలబడ్డ మనిషి. ఆ కాలు గడియారంలా పడింది. ముందు టైలరు కలిశాడు, ఆయన కాళ్ళకు మిషను అలవాటే కదా. తర్వాత పండ్ల బండివాడు, మా ఆవిడ, గుంపులో చెప్పులు విడిచిన నలుగురైదుగురు. తలుపు మీద అరచేతులతో తీగల కొట్టాయన. వసారా చెక్కలూ హాలు నేల చెక్కలూ కలిపి ఒకటిగా పరిచినవి. వెనకటి రోజుల్లో రికార్డింగప్పుడు పిల్లి నడిచినా లోపల తెలిసేదని వసారా మీదికి ఎవరినీ రానిచ్చేవారు కాదు. ఇప్పుడు దాని మీద ఊరేగింపు.

నేనూ కలిశాను. నాకు ఉత్సాహం ఎక్కువ.

కిటికీ రెక్కలు దభాలున తెరుచుకున్నాయి. పెద్దాయన తల బయటికి వచ్చింది. “ఎవడయ్యా అది! మూడో దెబ్బ మింగేస్తున్నది ఎవడు?”

అందరూ ఆగి నా వైపు చూశారు. అందరికంటే ముందు వేలు చూపించింది మా ఆవిడ.

“నువ్వా? నువ్వు మెట్లు దిగి నేల మీద నిలబడు. మిగతావాళ్ళు కానివ్వండి.”

నేను దిగాను. తాళం మళ్ళీ మొదలైంది. పెద్దాయన కిటికీ చెక్క మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. తర్వాత ఆ చెయ్యే కదలడం మొదలుపెట్టింది. చిటికెన వేలు, ఉంగరం వేలు, అరచెయ్యి తిప్పడం, మళ్ళీ దెబ్బ. ఎంత తేలిగ్గా వేశాడంటే, అంతమంది కాళ్ళు ఆ ఒక్క చేతి వెనక నడిచాయి. నేను కోతలు కోసే మనిషినే గానీ, ఇక్కడ కలపాల్సిన పని లేదు.

మా మరదలు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. “సార్, వినబడుతోందా?”

“ఏంటి?”

“వినబడుతోందా అంటున్నాను!”

ఆమె పెదవులు చూసి పోల్చుకున్నాడు. “లేదమ్మాయ్. చాలా రోజులైంది. ఇది నాకు కాళ్ళలోంచి తెలిసింది.” మళ్ళీ తనే అన్నాడు: “నీళ్ళు ఆ మూలన ఉన్నాయని నేను జోకు వెయ్యలేదమ్మాయ్. నాకు అలాగే వినబడింది. చెవుల మీద బతికినవాణ్ణి. వీళ్ళందరి ముందూ అలా నవ్వులపాలై నిలబడలేను.”

మా మరదలికి కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. “నేనూ నవ్వాను సార్. నాకు తెలియలేదు” అంది. ఆ మాట ఆయనకు వినబడలేదు. మొహం చూసి అర్థం చేసుకున్నట్టున్నాడు, “సరేలే” అని చెయ్యి ఊపాడు.

ఆమె ముక్కు తుడుచుకుని, అసలు గొంతు బయటికి తీసింది. “సార్! అడిగినవాళ్ళకి జవాబులు నేను చెప్తాను! మీరేం మాట్లాడక్కర్లేదు! తాళం వెయ్యండి చాలు!”

“వేశాను కదా తాళం!”

“అది కాదు సార్! అది తియ్యండి!”

“వెయ్యమంటావా తియ్యమంటావా? ఏదో ఒకటి చెప్పు!”

“ముందు అది తియ్యండి! తర్వాత ఇది వెయ్యండి!” అని తలుపూ చెయ్యీ మార్చి మార్చి చూపించింది. పెద్దాయన నవ్వాడు. ఆయన పళ్ళు మేమంతా అప్పుడే చూశాం. వాచ్‌మన్ తాళంచెవి కోసం అన్ని జేబులూ వెతికి, చివరికి తను కూర్చున్న స్టూలు కింద కనుక్కున్నాడు.

లోపల అందరినీ చెక్క నేల మీద కూర్చోబెట్టి, అరచేతులు నేలకు ఆనించమన్నాడు పెద్దాయన. అద్దాల గదిలో ఆయన బల్ల అంచు మీద వేసిన తాళం మా చేతుల్లోకి పాకి వచ్చింది. నాకు మోచేతుల దాకా వచ్చింది. నా పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ ఆ తాళానికి ఏదో కూనిరాగం అందుకుంది. ఎవరూ ఆమెను ఆపలేదు. కథలన్నీ మైకమ్మే చెప్పింది. ఎవరో “ఎన్నేళ్ళు పనిచేశారండీ?” అని అడిగితే తనే జవాబిచ్చి, నీళ్ళ కుండ ఎక్కడుందో కూడా తనే చూపించింది.

మన ఇళ్ళలో ఒక అలవాటుంది. అయినవాళ్ళకు థాంక్స్ చెప్పం. చెబితే, “ఏంటి, ఒంట్లో బాగానే ఉందా?” అంటారు. నేను మా ఆవిడకు పెళ్ళయిన కొత్తలో ఒకసారి చెప్పి చూశాను, నుదురు పట్టి చూసింది. మా మరదలూ ఆ ఇంటి పిల్లే. అందుకని అందరూ వెళ్ళిపోతుంటే ఆమె గుమ్మంలో పెద్దాయన దగ్గర ఆగి, సిగ్గుపడుతూ, నెమ్మదిగా, “చాలా థాంక్స్ సార్” అంది.

“ఏంటి?”

“థాంక్స్ అంటున్నాను.”

“ఏంటమ్మాయ్? గట్టిగా చెప్పు.”

ఆమె మా వంక చూసింది, వీధి వంక చూసింది. ఊపిరి పీల్చుకుని మైకు పూర్తిగా తెరిచింది.

“చా...లా థాం...క్స్!”

మేడ వసారా మీద పావురాలు లేచాయి. అప్పటికే కొట్టుకు చేరిన తీగలాయన లోపలి నుంచి, “పర్లేదమ్మా, పర్లేదు!” అన్నాడు. టైలరు మిషను ఆపి తల బయటికి పెట్టి, “ఎందుకులేమ్మా ఇప్పుడవన్నీ!” అన్నాడు. మేడ మీదావిడ పిట్టగోడ మీంచి వంగి, “మాకేనా? సరే సరే, దానికేముంది!” అంది. పండ్ల బండివాడు చెయ్యెత్తాడు. ఎవరికి వాళ్ళు అది తమకే అనుకున్నారు.

మా మరదలు వాళ్ళ వంక చూస్తూ నిలబడిపోయింది. “మీకు కాదు” అనడానికి నోరు తెరిచిందేమో, నాకు తెలియదు, అనలేదు. పెద్దాయనకు ఆ కేకకే అర్థమైంది, తల ఊపుతూనే ఉన్నాడు. అయినా ఆమె మెట్లు దిగి, వీధి వైపు తిరిగి, ఇంకోసారి అంది.